చలికాలమున మోటారు సైకిలుపై ప్రయాణము

డిసెంబరు, జనవరి మాసములలో ఉదయము ప్రార్థనగంట మ్రోగుటకు ముందు మన పాఠశాల ద్వారమునొద్ద నిలుచుండి చూచువారికి ఒక దృశ్యము కనబడును. తండ్రులు మోటారు సైకిళ్లపై తమ బిడ్డలను తెచ్చి దింపిపోవుచుందురు. తండ్రి చెవులకు మఫ్లరు చుట్టుకొని, మందపు కోటు తొడుగుకొని వచ్చును. ముందుభాగమున పెట్రోలు టాంకిపై కూర్చుండిన చిన్నవాడు మాత్రము పలుచని చొక్కాతో, ముక్కు ఎఱ్ఱబడి, కన్నీరు కారుచుండ దిగును. గాలియంతయు మొదట వానికి తగిలి పిమ్మట తనకు తగులుచున్నదను సంగతి ఆ తండ్రికి తోచినట్లు లేదు. తోచకపోవుట ప్రేమలేమిచేత కాదు. చలి యెట్లు పనిచేయునో మనలో పెక్కుమంది యెన్నడును ఆలోచింపలేదు. మేమును అట్టివారిలో నొకరమై యుంటిమి. తరగతిలో ఉష్ణమును గూర్చి యేటేట పాఠము చెప్పుచునే, బండి యెక్కినప్పుడు ఆ పాఠమును మఱచి, ఒక బాలుని ప్రాణాపాయమునకు గుఱిచేసితిమి. ఆ వృత్తాంతమును దాచక చెప్పెదము. అది యర్థమగుటకు ముందుగా కొంత పాఠము అవసరము.

మన దేహములోపలి వేడిమి సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. ఫారెన్‌హీటు లెక్కను 98.6 డిగ్రీలు. కదలక కూర్చుండిన పెద్దవాని శరీరము పాతకాలపు 100 వాట్ల విద్యుద్దీపము వెలువరించునంత యుష్ణమును ఇంచుమించుగా ఎల్లప్పుడును పుట్టించుచుండును. వచ్చుబడియు వ్యయమును సమముగా నున్నంత కాలము సంసారము సాగినట్లు, పుట్టిన యుష్ణమును పోవు ఉష్ణమును సమముగా నున్నంత కాలము మనకు సుఖము. ఆ యుష్ణము పోవు మార్గములు నాలుగు: వహనము, సంవహనము, వికిరణము, బాష్పీభవనము. తొమ్మిదవ తరగతివారు వీనిని కంఠస్థము చేసి పరీక్షలో తప్పులేకుండ వ్రాయుదురు. మోటారు సైకిలుపై పోవువానికి వీనిలో సంవహనము మొదటి శత్రువు. బట్టలు తడిసెనా, బాష్పీభవనము దానితో చేయి కలుపును.

గాలి కదలక యున్నప్పుడు మన చర్మమునంటి పలుచని వెచ్చని గాలిపొర యొకటి యుండును. నిశ్చలమైన గాలి ఉష్ణమును మిక్కిలి తక్కువగా పోనిచ్చును గనుక ఆ పొరయే మనకు దేవుడిచ్చిన మొదటి దుప్పటి. గాలి వీచినప్పుడు ఆ దుప్పటి యెగిరిపోవును, దేహము మఱియొక పొరను వెచ్చచేయును, అదియు పోవును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బండి నడపువాడు, చెట్టున ఆకైనను కదలని ఉదయమునగూడ, 40 కిలోమీటర్ల గాలికి ఎదురొడ్డి కూర్చున్నవాడే.

ఈ సంగతిని లెక్కకు తెచ్చినవారు అంటార్కిటికా ఖండమునకు పోయిన సైపిల్, పాసెల్ అను అమెరికా దేశీయులు. వారు 1941 సంవత్సరమున నీటితో నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టమును మంచుగాలిలో వ్రేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపటిలో ఆ నీరు గడ్డకట్టునో కొలిచిరి. వారి ఫలితములు 1945లో అచ్చయినవి. పిమ్మట ఆ లెక్కలు సవరింపబడినవి. 2001లో అమెరికా, కెనడా దేశములు స్వీకరించిన సూత్రముచొప్పున, గాలి 10 డిగ్రీలున్నపుడు 60 కిలోమీటర్ల గాలికి ముఖమునొడ్డినవానికి సుమారు 5 డిగ్రీల చలి తగిలినట్లుండును. గాలి 5 డిగ్రీలే యైనచో సున్నకు దిగువ 2 డిగ్రీల చలి.

ఈ పాఠము చెప్పిన దినమున ఒక బాలిక లేచి, "అయ్యగారూ, ఉష్ణమాపకమును ఫంకాక్రింద ఉంచితే పాదరసం దిగలేదండి. మరి గాలివల్ల చలి ఎక్కువవుతుందని ఎలా అంటారండీ?" అని యడిగెను. ఆమె తానుగా ఇంటివద్ద పరీక్షించి చూచినది! ఇట్టి ప్రశ్న అడుగువారు తరగతికి ఒకరున్నను ఉపాధ్యాయుని శ్రమ ఫలించినట్లే. సమాధానమేమనగా, పొడిగా నున్న ఉష్ణమాపకము గాలితో సమానమైన వేడిమినే కలిగియున్నది. దానికి పోగొట్టుకొనుటకు ఉష్ణము లేదు. గాలి ఎంత వీచినను దానిని గాలికంటె చల్లబరుపలేదు. మన దేహమట్లుగాక గాలికంటె వేడిగా నుండును. గాలి చేయునది చల్లదనమును తెచ్చుటకాదు, వెచ్చదనమును త్వరగా దోచుకొనుట. అదే యుష్ణమాపకమునకు తడిగుడ్డ చుట్టి ఫంకాక్రింద ఉంచినచో పాదరసము దిగును; నీరు ఆవిరి యగుటకు ఉష్ణమును తీసికొనును గనుక. ఒక గ్రాము చెమట చర్మముపై ఆవిరియగుటకు సుమారు 580 కాలరీలు కావలయును. అంతేకాక నిశ్చలమైన గాలికంటె నీరు ఉష్ణమును దాదాపు 24 రెట్లు సులభముగా వహించును. తడిసిన బట్ట ధరించినవాడు బట్టలేనివానికంటె మేలని తలంపరాదు.

ఆ వారమే మేము తరగతిలో మూడు ఇత్తడి చెంబులలో సమముగా వేడినీరు పోసి, ఒకదానికి తడిగుడ్డ, ఒకదానికి పొడిగుడ్డ, మూడవదానికి పాత ఉన్నిస్వెట్టరు ముక్కయు దానిపై రెండు మడతల వార్తాపత్రికయు చుట్టి ఫంకాక్రింద ఉంచితిమి. అరగంటకు తడిగుడ్డది మొదట చల్లారెను, పత్రికది చివరవరకు వెచ్చగా నుండెను. ఆ చెంబును తాకి చూచుటకు పిల్లలు ఒకరినొకరు త్రోసికొనిరి.

ఇక వ్రేళ్లసంగతి. చలి హెచ్చినప్పుడు దేహము గుండె, మెదడు మొదలగు ముఖ్యావయవములను కాపాడుటకై చర్మమునకును కాలుసేతులకును రక్తమును తీసికొనిపోవు నాళములను ముడుచుకొనును. ఇంటిలో బియ్యము తక్కువైనప్పుడు తల్లి ముందుగా తన పాలు తగ్గించుకొనునట్లు, దేహము ముందుగా వ్రేళ్ల పాలు తగ్గించును. కావున చేతులు చల్లబడినవాడు చేతితొడుగులకంటె ముందు తన ఛాతీని చూచుకొనవలయును. ఛాతీయు మెడయు వెచ్చగా నున్నచో రక్తము వ్రేళ్లవరకు పోవును. అవి చల్లగా నున్నంతసేపు ఎంత మంచి తొడుగులు వేసినను వ్రేళ్లు మొద్దుబారును. మొద్దుబారిన వ్రేళ్లతో బండి నడపుట యెంత ప్రమాదమో లెక్క చూడుడు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు, అనగా ఒక సెకండునకు, 11 మీటర్లు పోవును. బ్రేకు పట్టుటకు వ్రేళ్లు ఒక్క సెకండు ఆలస్యము చేసినచో, మన తరగతిగది గోడనుండి గోడకున్న దూరముకంటె ఎక్కువే దాటిపోవుదుము.

మనది ఉష్ణదేశము, మనకీ గొడవ యేల యని కొందరనవచ్చును. మా యభిప్రాయములో ఉష్ణదేశీయులకే ఈ ప్రమాదము ఎక్కువ. చలిదేశమువారు చలికి సిద్ధమై బయలుదేరుదురు, మనము సిద్ధపడము. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలములోని లంబసింగి సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్నది. దానికి కొఱ్ఱబయలు అను పేరును కలదు. రాత్రి బయట నుండినవాడు కొఱ్ఱవలె బిగుసుకొనిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. శీతకాలమున కొన్ని రాత్రులు అచ్చట చలి సున్న డిగ్రీల దాపునకు దిగును. సాధారణముగా 1000 మీటర్లు ఎక్కిన 6, 7 డిగ్రీల వేడిమి తగ్గును. ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి భూమి తన యుష్ణమును వికిరణముచే పోగొట్టుకొనగా, బరువైన చల్లనిగాలి కొండవాలులనుండి జారి లోయలలో నిలుచును. సముద్రతీరమున విశాఖపట్టణములో పలుచని చొక్కాతో హాయిగా బయలుదేరిన పడుచువారు, పొగమంచులో సూర్యోదయము చూడవలెనని రాత్రివేళ నర్సీపట్నము దాటి ఘాటురోడ్డు ఎక్కుదురు. ఇంటివద్ద వేసికొన్న చొక్కాయే కొండమీదను వారి వంటిపై నుండును. ఉత్తర తెలంగాణములో ఆదిలాబాదు ప్రాంతముననుగూడ డిసెంబరు తెల్లవారుజాములు ఇట్టివే.

మా వృత్తాంతమునకు వత్తము. నాలుగేండ్ల క్రిందట క్రిస్మసు సెలవులకు వసతిగృహములోని పిల్లలందరు ఇండ్లకు పోయిరి. చింతపల్లి దాటి కొండలోనున్న పల్లెకు పోవలసిన ఏడవ తరగతి బాలుడొకడు మిగిలెను. అతని తండ్రి జ్వరముచే రాలేకపోయెను. మేము ఆ వైపు ఆరాధనకు పోవలసియుండెను గనుక అతనిని మా బండిపై తీసికొనిపోవుదుమని చెప్పితిమి. తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరితిమి. మాకు ఉన్నిస్వెట్టరు, దానిపై రెయిన్‌కోటు, చేతితొడుగులు కలవు. బాలునికి నూలుచొక్కా, దానిపై వదులుగా అల్లిన స్వెట్టరు, తలకు హెల్మెట్టు. చలికిది చాలునని తలంచితిమి. అల్లిన స్వెట్టరు ఇంటిలో వెచ్చనిదే. గాలిలో మాత్రము జల్లెడతో సమానము.

నర్సీపట్నము దాటినపిమ్మట పొగమంచు క్రమ్మెను. మంచు బిందువులై మా రెయిన్‌కోటుపైనుండి జారిపోయెను. బాలుని స్వెట్టరులో మాత్రము ఇంకిపోయెను. ఘాటు మొదట "చలిగా నున్నదా?" అని యడిగితిమి. "లేదండి" అనెను. మఱి కొంతదూరమున అడిగితిమి. "లేదండి" అనెను. ఉపాధ్యాయునితో చలిగా నున్నదని చెప్పుటకు మన పిల్లలు వెనుకాడుదురని మాకు తెలిసియుండవలసినది. అతడు మా నడుము పట్టుకొని వణకుచుండుట మొదట మాకు తెలియుచునే యుండెను. కొంతసేపటికి ఆ వణకు ఆగిపోయెను. బాలుడు సర్దుకొనెనని, నిద్రవచ్చుచున్నదేమో యని తలంచి సంతసించితిమి. మాకు వెచ్చగా నుండెను గనుక అతనికిని వెచ్చగా నున్నదని మనస్సు మమ్ము మోసగించెను. మూడవసారి అడిగినప్పుడు జవాబు రాలేదు. అతని చేతులు మా నడుమునుండి జారెను. బండి ఆపి వెనుకకు చేయి చాచి పట్టుకొనకపోయినచో అతడు రోడ్డుమీద పడియుండును.

దేవుని కృపవలన కొద్దిదూరములోనే రోడ్డుప్రక్క టీకొట్టు ఒకటి యుండెను. కొట్టునడపు వృద్ధురాలు బాలుని చూచి, "ఏటి బాబూ, గుంటడు పలకడేటి?" అని యడిగి, మా జవాబుకొఱకు ఆగక తడిస్వెట్టరును చొక్కాను విప్పించి, తన దుప్పటిలో అతనిని చుట్టి ఒడిలోనికి తీసికొనెను. మేము కంగారుపడి అతని అరచేతులను గట్టిగా రుద్దబోగా, "రుద్దకండి, ముందు గుండెకాడ ఎచ్చబడనీండి" అనెను. వైద్యులు చెప్పు మాటయు ఇదే. దేహములోపలి వేడిమి 35 డిగ్రీలకు దిగువకు వచ్చుట అపాయస్థితి. మాట తడబడుట, చేతులలోని వస్తువులు జారుట, అడుగులు తూలుట, నిద్రమత్తు దీని గుఱుతులు. వెచ్చబడకయే వణకు ఆగిపోవుట వీనిలో మిక్కిలి భయంకరమైనది. ఉష్ణము పుట్టించుటకు కండరములు చేయు చివరి ప్రయత్నము వణకుటయే గదా. అట్టివానికి తడిబట్టలు తీసి, పొడిబట్టలు చుట్టి, ముందు ఛాతీని వెచ్చచేయవలయును, కాలుసేతులను రుద్దరాదు, మ్రింగగలిగినప్పుడే తియ్యని వెచ్చని పానీయము ఇయ్యవలయును, ఆలస్యము చేయక వైద్యునియొద్దకు తీసికొనిపోవలయును. బాలుడు ఇరువది నిమిషములకు మరల వణకసాగెను. ఆ వణకు చూచి మేము ఏడ్చితిమి. పిమ్మట చక్కెర వేసిన టీ త్రాగి, మా పేరు పలికెను. అతనిని ఆటోలో ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయి చూపించి, ఎండ యెక్కినపిమ్మట ఇల్లు చేర్చితిమి.

తండ్రితో జరిగినదంతయు చెప్పితిమి. ఆయన మమ్ము ఒక్కమాటయు అనలేదు. జనవరిలో బాలుని తిరిగి తెచ్చినప్పుడు తమ పొలములో పండిన రాజ్మా గింజలు ఒక సంచినిండ మాకు ఇచ్చెను. నిందించియుండినచో మాకు తేలికగా నుండెడిది.

ఇప్పుడు ఉడుపులను గూర్చి. ఒక మందపు బట్టకంటె మూడు పలుచని బట్టలు మేలు, వాని నడుమ గాలి నిలుచును గనుక. లోపలిది చెమటను నిలుపనిదై యుండవలయును. నూలుబనీను చెమటతో తడిసినచో ఆరదు. నడిమిది ఉన్ని. పైది గాలిని చొరనీయనిది. ఇదియే ముఖ్యమైనది, దీనినే మనవారు విడిచిపెట్టుదురు. వెలగల తోలుకోటు లేనివారు వర్షాకాలపు రెయిన్‌కోటునే స్వెట్టరుపై వేసికొనవచ్చును. అదియు లేనివారు చొక్కాకును స్వెట్టరుకును నడుమ వార్తాపత్రికను ఛాతీమీద పఱచుకొనవచ్చును. ఇది నవ్వవలసిన మాట కాదు. ఫ్రాన్సు దేశపు గొప్ప సైకిలు పందెములో కొండలు దిగువారుగూడ ఈ యుపాయమునే వాడిరి. మన గొఱ్ఱెలకాపరుల గొంగళిని చూడుడు. ముతక ఉన్నితో దట్టముగా నేయబడినదగుటచే గాలికి లొంగదు, తడిసినను కొంత వెచ్చదనమును నిలుపుకొనును. దానిని నాగరికత కాదని విడిచినవారు బజారులో అంతకు తక్కువదానిని ఎక్కువ వెలకు కొనుచున్నారు. అపొస్తలుడైన పౌలు చెఱసాలనుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో త్రోయలో విడిచిన తన అంగీని తెమ్మనియు, శీతకాలము రాకముందే రమ్మనియు కోరెను. పుస్తకములతోబాటు అంగీని అడుగుటకు ఆ మహాత్ముడు సిగ్గుపడలేదు.

చేతితొడుగులు బిగుతుగా నుండరాదు. బిగుతు రక్తమును ఆపును, గాలిపొరకు చోటీయదు. ఉన్నితొడుగులపై పెద్ద ప్లాస్టిక్ సంచి తొడిగినను గాలి ఆగును, అయితే బ్రేకు, క్లచ్చి పట్టు జారకుండ ముందుగా ఇంటివద్ద చూచుకొనవలయును. హ్యాండిలుకు తగిలించు తోలు తొడుగులు ఇంకను మేలు. పాతకాలపు స్కూటర్లకు ముందున్న రేకు మోకాళ్లకు గాలి తగులనీయకుండెను. మోటారు సైకిలుకు అది లేదు గనుక మోకాళ్లపై మందపుబట్ట కావలయును. విద్యుచ్ఛక్తిచే వేడెక్కు పిడులు, కోట్లు నేడు దొరకుచున్నవి గాని వాని వెల మనబోంట్లకు అందునది కాదు.

హెల్మెట్టు అద్దముపై శ్వాస మబ్బువలె పట్టినప్పుడు అద్దమును వ్రేలెడంత తెఱచి గాలి పోనిండు. చేతితో తుడుచుచు బండి నడపకుడు. మొద్దుబారిన వ్రేళ్లను సైలెన్సరుకు గాని నిప్పుకు గాని దగ్గఱగా పెట్టరాదు, కాలినను తెలియదు. చంకలలో పెట్టుకొనుటయే మంచిది. చలికి మద్యము మందనువారు కలరు. మద్యము చర్మమునకు రక్తమును తెచ్చి వెచ్చనైనట్లు భ్రమ కలిగించి, లోపలి యుష్ణమును బయటికి పంపివేయును. ఈ విషయమున మన సంఘపెద్దలును శరీరశాస్త్రమును ఏకీభవించుట మాకు సంతోషము.

తల్లిదండ్రులతో ఒక మాట. చిన్నపిల్లల దేహమునకు బరువును మించి చర్మవైశాల్యము ఎక్కువ. వారు మనకంటె త్వరగా చల్లబడుదురు. కావున టాంకిపై ముందు కూర్చుండబెట్టకుడు. 2022లో ప్రకటింపబడిన కేంద్రప్రభుత్వ నిబంధనచొప్పున నాలుగేండ్లలోపు బిడ్డను వెంట తీసికొనిపోవునప్పుడు బిడ్డకు హెల్మెట్టును, నడుపువానికి కట్టియుంచు పట్టీయును ఉండవలయును, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. పది నిమిషములకొకసారి ఆగి బిడ్డను పేరుపెట్టి పలుకరింపుడు. "చలిగా నున్నదా?" అని అడుగుట చాలదు, పూర్తిమాటగా జవాబు చెప్పవలసిన ప్రశ్నను అడుగుడు, మాట తడబడుచున్నదేమో వినుడు.

మా బండి ప్రక్కపెట్టెలో ఇప్పుడు ఒక చిన్న ఉన్నిస్వెట్టరు, ఒక మంకీ టోపీ, మడతపెట్టిన ప్లాస్టిక్ రెయిన్‌కోటు, నాలుగు పాత వార్తాపత్రికలు ఎల్లప్పుడును ఉండును. ఈ శీతకాలమున ఉదయము ఏడున్నర మొదలు ఎనిమిదిన్నరవరకు మేము ద్వారమునొద్దనే యుందుము. బిడ్డ వ్రేళ్లను తాకి చూచుటకు మేము బండి ఆపుమని కోరినచో, కార్యాలయమునకు ఆలస్యమగుచున్నదని కోపగింపక ఒక్క నిమిషము నిలువవలసినదని తండ్రులను వేడుచున్నాము.